మెడ చుట్టూ తువ్వాలు

తువ్వాలును మూడు మడతలు పెట్టి మెడ చుట్టూ వేసుకుని, కొసలు రెండూ యూనిఫాం చొక్కాలోకి దోపుకుంది జాకీ. అప్పటికి ఉదయం ఏడు దాటి రెండు నిమిషాలైంది. ఎనిమిదింటికల్లా రెండో అంతస్తులోని పద్నాలుగు మంది ముసలివాళ్లూ మొహాలు కడుక్కుని, బట్టలు మార్చుకుని, భోజనాల గదిలో బల్లల ముందు ఉండాలి. వాళ్లలో తమంతట తాము లేవగలిగింది ముగ్గురే. మిగతా పదకొండు మందినీ మంచాల మీంచి లేపి చక్రాల కుర్చీల్లోకి మార్చడానికి ఉన్నది ఇద్దరు: జాకీ, ఆమె అన్న భార్య.

జాకీకి అసలు పేరు ఒకటుంది, హాజరు పట్టీలో. పదమూడేళ్ల కిందట ఈ వృద్ధాశ్రమంలో చేరిన కొత్తలో, ఎనభై కిలోల పెద్దాయన్ని పూలబుట్టలా లేపి కుర్చీలో కూర్చోబెట్టడం చూసి, గేటు దగ్గర వాచ్‌మన్ "ఈవిడ మనిషి కాదురా బాబూ, లారీ జాకీ" అన్నాడు. అంతే, ఆ పేరే స్థిరపడిపోయింది. ఇంట్లో బీరువా జరపాలంటే మొగుడు కూడా "జాకీ, ఒకసారి ఇటు రా" అంటాడు. ఆమెకూ అందులో కొంచెం గర్వం లేకపోలేదు. మనిషన్నాక గర్వపడడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

నాలుగు నెలల కిందట ఆ గర్వానికి చీడ పట్టింది. మొదట మెడలో సలుపు. తర్వాత అది భుజం మీంచి చీమలు పాకినట్టు దిగి, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ తిమ్మిరెక్కాయి. ఆ తిమ్మిరి మళ్లీ వదల్లేదు. గుండీలు ఎడమచేత్తో పెట్టడం నేర్చుకుంది. స్నానాల నీళ్ల వేడి ఎడమచేత్తో చూడడం నేర్చుకుంది. తాళంచెవి కుడిచేతిలో ఉందో లేదో కళ్లతో చూసుకుంటే గానీ తెలియడం లేదు. మొగుడికి చెప్పలేదు, వదినకూ చెప్పలేదు. కింది అంతస్తులో పనిచేసే ఒకావిడ నిరుడు నడుం పట్టేసిందని చెప్పింది. "విశ్రాంతి తీసుకోమ్మా" అన్నారు మేనేజరుగారు ఎంతో దయగా. ఆ విశ్రాంతి ఇంకా నడుస్తూనే ఉంది.

పైగా ఈరోజు సేఫ్టీ సారు వస్తాడు. ఏడాదికోసారి వచ్చి, పనివాళ్లు మనుషుల్ని ఎలా ఎత్తుతున్నారో దగ్గరుండి చూసి, ఒక్కొక్కరి పేరు మీదా కాగితం నింపి పోతాడు. లిఫ్టు పక్క గోడ మీద బోర్డు ఆయన పెట్టించిందే. ఇద్దరు లేనిదే ఎత్తరాదు. యంత్రం లేనిదే ఎత్తరాదు. మెడ పట్టుకోనివ్వరాదు. ఆ బోర్డును రోజూ అందరూ చదువుతారు, ఏడాదిలో ఒక్కపూట పాటిస్తారు.

యంత్రం వరండా చివర నిలబడి ఉంది. పొడుగాటి మెడ, కింద చక్రాలు, మెడ చివర నాలుగు కొక్కేలు. మనిషి కింద బట్ట జోలె దూర్చి, దాని నాలుగు పట్టీలూ కొక్కేలకు తగిలించి, వైరుకు వేలాడే మీట నొక్కితే మెల్లగా పైకి లేస్తుంది. దాన్ని అందరూ కొంగ అంటారు.

"ఏమ్మా ఆడబిడ్డా, ఈవేళైనా కొంగని బయటికి లాగుదామా? సారు పదకొండుకి వస్తాడంట" అంది వదిన.

"పదకొండుకి కదా. ఇప్పుడు ఏడే."

"ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా? నీ మాటే కానీ" అంటూ వదిన ఎడమవైపు గదుల్లోకి వెళ్లింది. జాకీ కుడివైపు వెళ్లింది. ఇద్దరు కలిసి చేయాల్సిన పనిని చెరి సగం పంచుకుంటే ఎవరికి వారు ఒంటరిగానే చేస్తారు. అలా అయితేనే ఎనిమిదింటికి తెములుతుంది.

కుడివైపు చివరి గది లెక్కల టీచరుది. ఎనభై ఒక్కేళ్లు. పక్షవాతంతో కుడికాలు చచ్చుబడిపోయినా నోరూ బుర్రా చెక్కుచెదరలేదు. ఒకప్పుడు ఆసుపత్రిలో ఆవిడను ఇలాంటి యంత్రంతోనే ఎత్తుతుంటే మధ్యలో బ్యాటరీ అయిపోయింది. గాల్లో ఇరవై రెండు నిమిషాలు వేలాడింది. నిమిషాలు ఆవిడే లెక్కపెట్టింది. అప్పటినుంచి కొంగ పేరెత్తితే ఒళ్లంతా బిగుసుకుపోతుంది. జాకీ మెడ చుట్టూ చేతులు వేస్తేనే లేస్తుంది. ఆ గోళ్లు గీరుకోకుండానే ఈ తువ్వాలు.

"మూడు నిమిషాలు ఆలస్యం" అంది టీచరు.

"పక్క గదిలో పెద్దాయన పక్క తడిపేశాడు టీచరుగారూ."

"కారణం అడగలేదు, లెక్క చెప్పాను." ఆవిడ చేతులు చాచింది. వేళ్లు తువ్వాలు మీద అలవాటైన చోట బిగుసుకున్నాయి. లేచే ముందు లెక్క ఎప్పుడూ ఆవిడదే. "ఒకటి."

జాకీ మోకాళ్లు వంచి, టీచరు నడుముకు కట్టి ఉన్న పట్టీని రెండు చేతులా పట్టుకుంది. ఎడమచెయ్యి పట్టుకుంది. కుడిచెయ్యి కూడా పట్టుకుందనే అనుకుంది.

"రెండు."

బరువంతా ఒక్కసారిగా కుడివైపు ఒరిగింది. పట్టీ వేళ్లలోంచి ఎప్పుడు జారిందో తెలియలేదు. టీచరు చేతులు తువ్వాలును ఉరితాడులా లాగాయి. మెడలోంచి మోచేతి దాకా మెరుపులాంటి నొప్పి కొట్టింది. మంచానికీ కుర్చీకీ మధ్య ఖాళీలోకి ఆ ముసలి శరీరం జారిపోతుంటే, జాకీ తన మోకాలిని అడ్డం పెట్టి, తొడ మీదుగా ఆవిడను దించుకుంటూ తానూ నేల మీద చతికిలబడింది.

మూడు అనే మాట గదిలో ఎవరూ అనలేదు. టీచరు జాకీ ఒళ్లో చంటిపిల్లలా కూర్చుని ఉంది. పక్క గదిలో కుళాయి కారుతున్న చప్పుడు వినిపిస్తోంది. జాకీ ఆవిడ తుంటి తడిమి చూసింది, కాలు తడిమి చూసింది, ఎడమచేత్తో. ఈ వయసులో తుంటి విరిగినవాళ్లను ఆమె పదమూడేళ్లలో ముగ్గురిని చూసింది. ఒక్కరూ ఏడాది బతకలేదు.

చప్పుడు విని వదిన పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, ఏమైంది?"

"నేనే తొందరపడ్డాను. రెండు తర్వాత మూడు ఉంటుందని మర్చిపోయాను" అంది టీచరు.

వదిన నమ్మింది. ఇద్దరూ చెరో పక్క పట్టి ఆవిడను కుర్చీలోకి చేర్చారు. మోచెయ్యి కాస్త గీరుకుంది తప్ప ఏమీ కాలేదు. వదిన వెళ్లిపోయాక టీచరు తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"చెయ్యి కదూ?"

జాకీ కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"నాలుగు నెలలుగా నా గుండీలు ఎడమచేత్తో పెడుతున్నావు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. చెయ్యి జారితే ఏంటో ఎవరూ చెప్పలేదు." ఆవిడ మోచెయ్యి ఊదుకుంది. "నలభై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, ఇవాళ లెక్క తప్పానన్నాను. నీ మీద ప్రేమ అనుకునేవు. నువ్వు పోతే నన్ను ఆ కొంగకి తగిలిస్తారు. అదీ సంగతి."

జాకీకి నవ్వొచ్చింది. ఆ వెంటనే భయమేసింది. ఆ భయం పదకొండింటిదాకా వదల్లేదు. మందుల పళ్లాలు సర్దుతున్నా, పక్కబట్టలు మారుస్తున్నా, ఆ ఖాళీలోకి జారుతున్న శరీరమే కళ్ల ముందు ఆడింది. రేపు కూడా ఆ చేతులు తన మెడ చుట్టూ పడతాయి. రేపు మోకాలు అందకపోతే?

సేఫ్టీ సారు సన్నటి మనిషి, చంకలో ఫైలు. మర్యాదగానే మాట్లాడాడు. "నొప్పులు, తిమ్మిర్లు ఏమైనా ఉన్నాయామ్మా?"

"లేవు సార్" అంది వదిన.

"లేవు సార్" అంది జాకీ.

ఆయన రెండు టిక్కులు పెట్టాడు. ఇంతేనా అనిపించింది జాకీకి. నాలుగు నెలల దిగులు, రెండు సెకన్లలో గట్టెక్కింది.

"సరే, ఎత్తడం చూపించండి. ఈ చివరి గదిలో చూద్దాం."

కొంగ చక్రాలు గడప దాటగానే టీచరు మొహం పాలిపోయింది. నోరు తెరిచి ఏదో అనబోయి, జాకీ వైపు చూసి మూసుకుంది. తాను గొడవ చేస్తే జాకీ పరీక్ష తప్పుతుందని ఆవిడకు తెలుసు. కళ్లు గట్టిగా మూసుకుంది. వదిన, జాకీ జోలె దూర్చారు. ఎడమవైపు పట్టీలు రెండూ వదిన తగిలించింది. కుడివైపు జాకీ తగిలించింది. కొక్కెం దగ్గర టిక్కుమన్నట్టే ఉంది. అలవాటు కొద్దీ కుడిచేత్తోనే తడిమి చూసింది. వేళ్లకు ఏమీ తెలియలేదు.

"ఊఁ, ఎత్తండి" అన్నాడు సారు.

వదిన మీట మీద వేలు పెట్టింది.

"ఆగు వదినా."

జాకీ ఎడమచేత్తో పట్టుకుని చూసింది. పైపట్టీ కొక్కెంలో పడలేదు. అంచుమీద ఆనుకుని ఉంది, అంతే. అది ఎవరి కంటా పడలేదు. నెమ్మదిగా దాన్ని సరిచేసి ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఈ గండమూ గట్టెక్కుతుంది. కళ్లు మూసుకుని కూర్చున్న ముసలి మొహాన్ని చూసింది. ఆవిడ పెదవులు ఏవో అంకెలు లెక్కపెడుతున్నాయి.

జాకీ పట్టీలన్నీ విప్పేసింది. "టీచరుగారూ, ముందు నేను కూర్చుంటాను. మీట మీ చేతికిస్తాను. బ్యాటరీ నిండా ఉంది, ఇదిగో పచ్చలైటు."

సారు ఒక అడుగు పక్కకు జరిగాడు. జాకీ గదిలోని ఇంకో కుర్చీలో కూర్చుంది. వదిన ఆమె కింద జోలె దూర్చి, నాలుగు పట్టీలూ తగిలించి, ఒక్కొక్కటీ రెండుసార్లు లాగి చూసింది. టీచరు మీటను రెండు చేతులా పట్టుకుంది. "ఒకటి, రెండు" అని, కాసేపు ఆగి, "మూడు" అంది.

జాకీ పాదాలు నేలను వదిలాయి. పదమూడేళ్లలో ఎన్ని వేల శరీరాలను ఎత్తిందో ఆమెకే తెలియదు. ఆమెను ఎత్తినవాళ్లు ఎవరూ లేరు, చిన్నప్పుడు అమ్మ తప్ప. జోలె ఒళ్లంతా చుట్టుకుని బరువు మొత్తం తీసుకుంది. మెడ మీద నుంచి ఏదో దిగిపోయింది. ఎన్నాళ్లకో నొప్పి లేని ఒక్క క్షణం దొరికింది. ఆ సుఖానికే ఆమెకు ఏడుపొచ్చింది.

"సార్" అంది పైనుంచే. "నా కుడిచేతికి స్పర్శ లేదు. నాలుగు నెలలైంది. ఇందాక ఆ పట్టీ పడలేదు. పొద్దున టీచరుగారిని నా మెడ పట్టించుకుని ఎత్తుతూ జారవిడిచింది కూడా నేనే."

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నాతో అయినా చెప్పలేదేమే?"

సారు తన టిక్కును కొట్టేశాడు. "ఈ నిమిషం నుంచి మీరు ఎవర్నీ ఎత్తకూడదమ్మా" అని, "యంత్రం ఉండగా మెడమీద ఎందుకు ఎత్తారు?" అని అడిగాడు.

జవాబు టీచరు చెప్పింది. "పదకొండు మంది. కొంగతో అయితే ఒక్కొక్కరికి పన్నెండు నిమిషాలు. నూట ముప్ఫై రెండు. మీరిచ్చేది అరవై. మిగతా డెబ్భై రెండూ ఎక్కణ్ణుంచి వస్తున్నాయనుకున్నారు? ఈ పిల్ల మెడలోంచి."

ఆయన కాగితం మీదికి వంగాడు. ఆ అంకె రాసుకున్నాడో లేదో ఎవరూ చూడలేదు.

జాకీని దించాక టీచరు వంతు వచ్చింది. వదిన, కింది అంతస్తు నుంచి వచ్చిన ఇంకొకామె పట్టీలు తగిలించారు. జాకీ చేతులు వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

"పట్టుకోవడానికి ఏమీ లేదు ఇందులో" అంది టీచరు.

జాకీ మెడలోంచి తువ్వాలు తీసి ఆవిడ చేతుల్లో పెట్టింది. ఆవిడ దాని రెండు కొసలూ పిడికిళ్లలో బిగించి, కళ్లు తెరిచే ఉంచి, మూడు దాకా తప్పకుండా లెక్కపెట్టింది.

రెండింటికి మేనేజరుగారు జాకీని పిలిచారు. "డాక్టరుకి చూపించుకో. విశ్రాంతి తీసుకోమ్మా" అన్నారు ఎంతో దయగా. తాళంచెవులు బల్ల మీద పెట్టించుకున్నారు.

గేటు దగ్గర వాచ్‌మన్ "ఏం జాకీ, అప్పుడేనా?" అన్నాడు.

"అప్పుడే" అంది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు మెడకు గాలి తగిలి చల్లగా అనిపించింది. చెయ్యి అక్కడికి వెళ్లింది. తువ్వాలు లేదు. వెనక్కి తిరిగి రెండో అంతస్తు కిటికీల కేసి చూసింది. బస్సు రాగానే ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కింది.

పైన చివరి గదిలో, కుర్చీ చేతి మీద తువ్వాలు వేలాడుతోంది, వేళ్లు బిగుసుకున్న రెండుచోట్లా పోగులు లేచిపోయి, మధ్యలో మెడ వంపు ఇంకా అలాగే ఉండి.