జంటస్విచ్చుల సందేహము

శ్రావణమాసారంభమున నిరంతరవర్షధారలచే తడిసిన మేడల గోడలు నాచుపట్టి నల్లబడగా సముద్రమువైపునుండి వీచు తేమగాలికి దండెములపై వస్త్రములు మూడుదినములైనను ఆరక వ్రేలాడుచుండగా మేఘములమాటున సూర్యుడెచ్చట నున్నాడో తెలియక ఉదయమునకును మధ్యాహ్నమునకును భేదము నశించిన యొక యాదివారమున, కాకినాడలో రామారావుపేటయందలి యొక మేడపై వకుళ యను ముప్పదియెనిమిదేండ్ల యువిద తన కంప్యూటరునెదుట రెప్పవాల్చక కూర్చుండి యుండెను.

ఆమె యొక నెట్‌వర్కు సంస్థలో ఉద్యోగిని. ఆ సంస్థవారు మరునాటి వేకువను ఒక పెద్ద యాసుపత్రిలో శిథిలమైన పాత స్విచ్చును తొలగించి క్రొత్తస్విచ్చుల జంటను నెలకొల్పవలసి యుండెను. రోగుల రక్తపరీక్షల ఫలితములను స్కానింగు చిత్రములను మందుల పట్టికలను ఒక కంప్యూటరునుండి మరియొకదానికి చేరవేయు కూడలియే స్విచ్చు. పాతది గతవారమున రెండుమారులు నిలిచిపోయి అత్యవసరవిభాగమువారిని కాగితములు చేతబట్టుకొని మెట్లవెంట పరుగెత్తించెను. క్రొత్తవి రెండును ఒక్కటియే యన్నట్లు మెలగుచు ఒకటి నిలిచిపోయినచో రెండవది తడవు సేయక సర్వభారమును వహింపవలెను. ఈ యేర్పాటును మూడుమాసములు శ్రమించి రచించినవాడు ఇస్మాయిల్ అను ఆమె సహోద్యోగి. నిజమైన స్విచ్చులింకను పెట్టెలలోనే యుండుటచేత వానికి ప్రతిరూపములై ఇనుమును తీగలును లేక కంప్యూటరునందు సాఫ్ట్‌వేరుగా మాత్రమే నడచు వర్చువల్ స్విచ్చులను తన యింట నడపి ఆ రచనను పరీక్షించుటకు వకుళ తానై యొప్పుకొనెను.

కాని ఆ జంట యామెను దిగ్భ్రాంతురాలిని గావించెను. పరీక్షకై పంపిన, పింగులనబడు పలుకరింపు సందేశములు పదింటికి పదియు బదులు తెచ్చెను. మరుక్షణమున నాలుగే తెచ్చెను. పిదప ఒక్కటియు తేలేదు. మొదటి స్విచ్చును ఆపినచో అంతయు సవ్యముగా నుండెను. దానిని నడపి రెండవదానిని ఆపినను సవ్యముగానే యుండెను. రెండును కలిసినంతనే గందరగోళము! ఒకే చిరునామా ఒకమారు ఈ ద్వారమునను మరియొకమారు ఆ ద్వారమునను కనబడుచున్నదని స్విచ్చులు మాటిమాటికి తెలుపుచుండగా ఆమె రెండింటి వివరములను ప్రక్కప్రక్కన తెరచి చూచెను. తెరపై రెండు కిటికీలయందును ఒకే చిరునామా కనబడగా, అలసటచే ఒకే స్విచ్చును రెండుమార్లు తెరచితినని తలపోసి రెండవ కిటికీని మూసివైచెను.

భర్తయైన చిదంబరము ఉప్మాపళ్లెరము తెచ్చి ప్రక్కన నుంచెను.

"చల్లారిపోతంది వకుళా. రెండు ముద్దలు తిని చూసుకోకూడదూ?"

"దేనికది బానే ఉందండీ. కలిపితేనే పాడవుతున్నాయి. నాకేం బోధపడట్లేదు."

"మరి ఇస్మాయిల్ గారికోసారి ఫోన్ చెయ్యకపోయావా?"

గతమాసమున పదిమంది యెదుట ఇస్మాయిల్ ఆమె తప్పును దిద్దిన వైనము ఆమె మనమున నింకను గ్రుచ్చుకొనుచుండెను. తన పనియందు దోషమున్నదేమో యను శంక రెండుమూడుమార్లు తలయెత్తినను దానిని త్రోసిపుచ్చి, ఇస్మాయిల్ రచనయే తప్పని పైయధికారియైన సత్యానందమునకు సందేశము పంపెను. పన్నెండుగంటలకు ఆయన ఫోనుచేసెను.

"ఇస్మాయిల్ని రేపు రావద్దన్నానమ్మా. ఆసుపత్రోళ్ళకి సాయంత్రం చెప్పి పని వాయిదా వేయిస్తాను. ఆ తప్పేంటో వివరంగా కాగితం మీద రాసి పంపించు."

వకుళ కాగితము తీసికొని మొదటి స్విచ్చు పేరును వ్రాసి దానిక్రింద మ్యాక్ అడ్రసు అనబడు, ఏ రెండు యంత్రములకును ఒకటి కారాని, దాని పుట్టుచిరునామాను ఒక్కొక్క యక్షరముగా వ్రాసెను. పిదప రెండవదాని పేరు వ్రాసి దాని చిరునామాను వ్రాయుచు ఏడవ యక్షరమువద్ద ఆగెను. పైకి చూచెను. క్రిందికి చూచెను. పండ్రెండక్షరములును అవియే! శుక్రవారమున ఒక స్విచ్చును సిద్ధపరచి దానికే నకలు తీసి రెండవది చేసినది తానే. పేరు మార్చినది గాని పుట్టుచిరునామాను మార్చుట మఱచినది. పరుల నేరమును నిరూపింపబూనిన కాగితమున తన పొరపాటే తన దస్తూరితో నిలిచెను.

వెంటనే రెండవదాని చిరునామాను మార్చెను. పింగులు ధారగా సాగెను. ఒక స్విచ్చును హఠాత్తుగా ఆపిచూచెను. ఒక్క పింగు మాత్రము జాఱెను. తక్కినవి నడచుచునే యుండెను.

ఫోనులో చెప్పదగిన మాటగా తోచక ఆమె స్కూటరుపై వానలో తడియుచు వంతెనదాటి జగన్నాథపురమున ఇస్మాయిల్ యింటికి చేరెను. ఆతడు ముందుగదిలో చాపపై తన రచన తాలూకు కాగితములన్నియు పఱచుకొని పెన్సిలుతో పంక్తిపంక్తిని పరిశీలించుచుండెను. ఆమెను చూచి లేచి నిలిచెను.

"నాలుగుసార్లు చూశానండి. ఎక్కడ తప్పు చేశానో దొరకట్లేదు. మీరైనా చూపించండి వకుళ గారూ."

ఆ పలుకులందు కోపము లేకుండుటయే యామెకు దుర్భరమయ్యెను.

"మీ తప్పేం లేదండి. నకలు తీసి అడ్రసు మార్చడం మర్చిపోయాను. అది చూసుకోకుండా మీ మీద చెప్పేశాను."

ఇస్మాయిల్ పెన్సిలును కాగితములపై నుంచి "ముందు నన్నడిగుంటే బావుండేదండి" అని మాత్రమనెను.

ఆమె యచ్చటనే నిలిచి ఆతడు వినుచుండగా సత్యానందమునకు ఫోనుచేసి జరిగినదంతయు దాచక చెప్పెను. ఆయన మందలింపు వాననుమించి వినవచ్చెను. తుదకు "వాయిదా వెయ్యలేదింకా. పొద్దున్నే ఇద్దరూ రండి" అని ముగించెను.

మరునాడు తెల్లవారుచుండగా ఆసుపత్రి క్రిందియంతస్తున ఇరువురును అవసరమునకు మించి యొక్కమాటయు మాటాడక క్రొత్తజంటను నెలకొల్పిరి. తుదిపరీక్షగా ఇస్మాయిల్ ఒక స్విచ్చును ఆపి వకుళవైపు చూచెను. ఆమె తెరవైపు చూచెను. పైయంతస్తుల కంప్యూటరులలో ఒక్కటియు నిలిచిపోలేదని అది చూపెను.

అప్పుడొక నర్సు మెట్లుదిగి వచ్చి "పేషెంట్ల రిపోర్టులు ముందే ప్రింటు తీసి పెట్టుకుంటామండీ. మీరెప్పుడు మొదలెడతారు?" అని యడిగెను.

"అయిపోయిందమ్మా" యని ఇస్మాయిల్ పలికెను. నర్సు నమ్మలేక ఇరువురి మొగములను మార్చిమార్చి చూచెను. నిన్నటినుండి తొలిసారిగా ఆతడు నవ్వెను. ఆ నవ్వు తనకొఱకో నర్సుకొఱకో వకుళ తెలిసికొనజాలక, అడుగుటకును సాహసింపక, నేలపై పడియున్న పాతతీగలను చుట్టసాగెను.