తెలీదన్న మాట

నలభై కుర్చీల్లో ముప్ఫయ్యారు తుడవడం అయింది. మిగిలిన నాలుగూ కుంటివి. వాటి కాళ్ళ కింద అట్టముక్కలు మడిచిపెట్టి, ఒక్కొక్కదాని మీదా తానే కూర్చుని అటూ ఇటూ ఊగి చూశాడు. కదలకపోతే లేచాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ హాల్లో అతను కుర్చీలో కూర్చునేది ఆ కాసేపే.

అందరూ అతన్ని తాళాలాయన అంటారు. నడుముకి కట్టుకున్న తాడుకి ఎప్పుడూ తాళాలగుత్తి వేలాడుతుంటుంది. అరవై నాలుగేళ్ళవాడు. నీళ్ళ బకెట్లు మోసీ మోసీ కుడిభుజం కాస్త కిందికి జారింది. ఫినాయిలుకి వేళ్ళ చివర్లు పగిలి, గోళ్ళ చుట్టూ తెల్లగా పొరలు లేచాయి. నడిస్తే తాళాలే వినబడాలి గానీ మనిషి అడుగు వినబడదు.

హాలు పరుపుల కొట్టు మీద ఉంది. మెట్లెక్కుతుంటే దూది ముక్కుకి పడుతుంది. ముప్ఫై ఏళ్ళ పాటు ఆ గుమ్మం మీద ‘ఆదివారం చదరంగం సంఘం’ అని బోర్డు ఉండేది. పన్నెండుమంది మగవాళ్ళు వచ్చేవారు, మూడు చదరంగం బల్లలు ఉండేవి. గుర్రం ఎటు దూకుతుందో తెలిసినవాడు మాత్రం ఒక్కడే, లైబ్రరీ సారు. ఆట ఎవడిక్కావాలి? వారం రోజులు బిగపట్టుకున్న ఊపిరి ఒక పూట వదులుకోవడానికి వచ్చేవారు వాళ్ళు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, మనసిచ్చినవాణ్ణి పేరు పెట్టి పిలుచుకుని, సాయంత్రానికి ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళిపోయేవారు.

ఈ మధ్య చట్టం మారింది. మగవాడు మగవాణ్ణి ప్రేమిస్తే ఇక నేరం కాదట. పాత బోర్డు దించేసి, సంఘం అసలు పేరు రోడ్డు అవతలికి కూడా కనబడేంత పెద్ద అక్షరాలతో రాయించారు. ఈ రోజు తలుపులు తెరిచిపెట్టి జరిపే మొదటి సభ.

పొద్దున్న ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు లైబ్రరీ సారు మంచం మీద దిళ్ళకి చేరగిలబడి ఉన్నాడు. డెబ్బై మూడేళ్ళు. గుండెల్లో పిల్లికూతలు. రెండు నెలలుగా మెట్లు దిగలేదు. పాత రోజుల గురించి మాట్లాడమని సంఘం కార్యదర్శి, లాయరమ్మాయి, రెండుసార్లు ఇంటికొచ్చి అడిగి వెళ్ళింది.

“నా ఊపిరి గుమ్మం దాకా కూడా రాదు. నువ్వే చెప్పెయ్యవోయ్,” అన్నాడు సారు.

“నేనేం చెబుతాను సార్? కుర్చీలు వేశానని చెప్పనా?”

“అదే చెప్పు. నువ్వు వెయ్యకపోతే పన్నెండుమందిమీ నిలబడి ఆడేవాళ్ళమా చదరంగం?”

నవ్వబోయి దగ్గులో పడ్డాడు. తాళాలాయన వీపు రాసి, గ్లాసు అందేలా పెట్టి, వచ్చేశాడు.

ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇద్దరిదీ ఒకే ఇల్లు. వీధికి మాత్రం అతను సారుగారి వంటమనిషి. సారు చెల్లెలు ఏడాదికోసారి వచ్చి, “వంటాయనా, ఉప్పు తగ్గింది,” అని కేకేసేది. ఆమె ఉన్నన్నాళ్ళూ అతను వంటింట్లో చాప వేసుకునేవాడు. ఇద్దరే ఉన్నప్పుడు కూడా ‘సార్’ అనే పిలుపు నోరు వదిలిపోలేదు. “ఆ సార్ మానెయ్యవోయ్,” అని ఆయన ఎన్నిసార్లన్నాడో. “అలవాటైపోయింది సార్,” అనేవాడు.

పోలీసులొచ్చింది చాలా ఏళ్ళ కిందట, ఒక ఆదివారం, మధ్యాహ్నం నాలుగింటికి. కిటికీ రెక్కలు తెరిచే ఉన్నాయి, ఎండ నేల మీద పడి ఉంది. బూట్ల చప్పుడు విని అందరూ బల్లల చుట్టూ చేరేసరికే తలుపు తోసుకొచ్చారు. చీపురు పట్టుకుని మూల నిలబడ్డవాణ్ణి ఒక అధికారి అడిగాడు.

“నువ్వూ వీళ్ళలో ఒకడివేనా?”

“కాదండీ. ఊడ్చేవాణ్ణి.”

అధికారి చీపురుని చూసి నమ్మాడు. సారుని జబ్బ పట్టుకుని ముందుకి తోశాడు.

“ఈయనెవరో తెలుసా?”

సారు వేసుకున్న చొక్కాకి పై బొత్తాం ఆ పొద్దున్నే తాళాలాయన కుట్టాడు.

“తెలీదండీ. ఎప్పుడూ చూళ్ళేదు.”

సారు తల కొంచెం వంచాడు. సరేననా, సిగ్గుతోనా, బాధతోనా? ఇన్నేళ్ళుగా అతనికి అంతుపట్టనిది అదే. పన్నెండుమందినీ తీసుకుపోయారు. మర్నాడు పేపర్లో పేర్లు పడ్డాయి. ఒకాయన రైలు కింద పడ్డాడు. ఇద్దరు ఊరొదిలి పోయారు. సంఘం కొన్నాళ్ళు మూతబడి, మిగిలినవాళ్ళతో మళ్ళీ అదే బోర్డు కింద నడిచింది. సారు నాలుగోనాడు ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, “అన్నం ఉందా?” అన్నాడు. అంతే. లైబ్రరీ ఉద్యోగం ఊడింది. ఆ తర్వాత ఇంట్లో కూర్చుని అచ్చుతప్పులు దిద్దుకుంటూ బతికాడు. ఒక్కనాడూ ఆ సంగతి ఎత్తలేదు. తాళాలాయనే ఎప్పుడైనా గొంతు సవరించుకుని, “సార్, ఆ రోజు...” అనబోతే, “పాలు పొంగుతున్నాయి చూడు,” అనేవాడు. చాలాసార్లు పొయ్యి మీద పాలే ఉండేవి కావు.

ఈ రోజు మూడింటికల్లా హాలు నిండింది. కుర్చీలు చాలక గోడల వెంబడి నిలబడ్డారు. ఇద్దరు కుర్రాళ్ళు అందరి ముందూ చేతిలో చెయ్యి వేసుకుని మొదటి వరసలో కూర్చుంటే, అతను అలవాటు కొద్దీ కిటికీ మూయబోయి ఆగిపోయాడు.

లాయరమ్మాయి మైకు తెచ్చి అతని చేతిలో పెట్టింది. “చెప్పండి బాబాయ్. ఆ రోజు మీరిక్కడే ఉన్నారటగా?”

“ఉన్నానమ్మా. కుర్చీలు వేశాను.”

జనం నవ్వారు. ప్రేమగానే నవ్వారు. మైకు తిరిగి ఇచ్చేద్దామనుకున్నాడు. కానీ మళ్ళీ నోటి దగ్గరికే తెచ్చుకున్నాడు.

“సారుతో కలిసి బతుకుతున్నాను. వంట నేనే చేస్తాను గానీ వంటమనిషిని కాను. ఆ రోజు పోలీసులు ఆయన్ని చూపించి తెలుసా అని అడిగారు. తెలీదన్నాను. ఆయన నా ఎదురుగానే ఉన్నాడు. విన్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు, ఎందుకలా అన్నావురా అని. అడిగితే బాగుండేది.”

ఎవరో ముక్కు చీదారు. తర్వాత ఒక్కసారిగా చప్పట్లు. ముందు వరసలో వాళ్ళు లేచి నిలబడి మరీ కొట్టారు. ఒకతను వచ్చి గట్టిగా వాటేసుకున్నాడు. తాళాలాయనకి తల కొట్టేసినట్టయింది. ఒక్క మనిషికి చెప్పవలసిన మాట. ఆ ఒక్కడికీ తప్ప అందరికీ చెప్పేశాడు. దానికి చప్పట్లు కూడానా?

“కారులో దింపుతాను బాబాయ్, ఐదు నిమిషాలాగండి,” అంది లాయరమ్మాయి. ఆగలేదు. కుర్చీలు మడవకుండా ఆ హాలు వదిలి రావడం అదే మొదటిసారి.

దారి పొడుగునా మాట కూర్చుకున్నాడు. ముందు వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆర్పెయ్యాలి, పాల వంక లేకుండా. తర్వాత మంచం పక్కన కూర్చోవాలి, నిలబడి కాదు. కూరల బండి దగ్గర మలుపు తిరుగుతూ, పైకే అనుకుని చూశాడు. కూరలామె తలెత్తి, “ఏంటీ?” అంది. “నిన్ను కాదమ్మా,” అన్నాడు.

తలుపు ఓరగా తీసి ఉంది. సారు మంచం మీద లేడు. గుమ్మం పక్కనే స్టూలు మీద, గోడకి తల ఆనించి కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, తల దువ్వుకుని ఉన్నాడు. గడప దాటకుండానే అతను అనేశాడు.

“సార్, ఆ రోజు తెలీదన్నాను. తప్పు చేశాను.”

పాల మాట రాలేదు. దగ్గూ రాలేదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి అప్పటికే చల్లబడింది. వదల్లేదు. బయట ఎండ గోడ దిగి రోడ్డు మీదికి పోయేదాకా అలాగే కూర్చున్నాడు. అప్పుడొకసారి పేరు పెట్టి పిలిచాడు. సార్ అని కాదు, అసలు పేరు.

తర్వాత చెల్లెలికి ఫోన్ చేశాడు. సంగతి విని ఆమె గొల్లుమంది. కాసేపటికి తేరుకుని, “ఇంతకీ మాట్లాడేదెవరు? వంటాయనేనా?” అంది.

“కాదమ్మా. ఆయన మనిషిని.”

ఫోన్ పెట్టేసి, సారుని మంచం మీదికి చేర్చడానికి ఇరుగుపొరుగుని పిలుద్దామని లేచినప్పుడు చూశాడు. సారు కుడికాలికి బూటు వేసుకుని, లేసు రెండు ముళ్ళు వేసుకున్నాడు. రెండోది స్టూలు కిందే ఉంది, లేసు చివరిదాకా వదులు చేసి, బూటు నాలుకపట్టీ పైకి లాగి, కాలు పెట్టడమే ఆలస్యం అన్నట్టు, గుమ్మం వైపు తిరిగి.