మరిది కొట్టిన మందు

నలభై ఇళ్లవాళ్ల చేత కాఫీ తోటలకి దుకాణం మందులు మాన్పించడానికి ఆమెకి నాలుగేళ్లు పట్టింది. గడప గడపా తిరిగింది. కొందరు వినీ విననట్టు ఊరుకున్నారు, కొందరు మొహం మీదే నవ్వారు. ఆమె పట్టు వదల్లేదు. చివరికి నలభై మందీ సంఘంగా కూడి, మందు లేకుండా పండించిన కాఫీ అని ముద్ర సంపాదించారు. ఎగతాళికి ఎవరో పెట్టిన ‘లీడరమ్మ’ అన్న పేరు ఆమెకి అలాగే అతుక్కుపోయింది.

భర్త పోయాక ఆమె తోట కూడా మరిదే చూసుకునేవాడు. అతని తోట ఆమె తోటకి పైన, కొండవాలులో ఉండేది. తోడికోడలు ఆమెని సొంత అక్కలాగే చూసేది.

ఆ ఏడు వాన తెరిపి ఇవ్వలేదు. ఆకుల వెనక పసుపు చల్లినట్టు పొడి లేచింది. తుప్పు తెగులు. పట్టిన ఆకు నిలవదు, ఆకు రాలిన కొమ్మ మీద కాయ నిలవదు. సంఘం ఒప్పుకున్న కషాయాలన్నీ కొట్టి చూశారు. ఫలితం లేకపోయింది. పైగట్టు మీద ఒంటరిగా ఉండే అవ్వ తోట చీపురుపుల్లలు పాతినట్టు తయారైంది. దుకాణం మందు ఒక్కసారి కొట్టుకుంటానని అవ్వ వచ్చి అడిగితే, లీడరమ్మే గడ్డం పట్టుకుని బతిమాలి ఆపింది. మరిది తోట మాత్రం పచ్చగానే ఉంది. గాలి బాగా ఆడే వాలు కదా అనుకున్నారు అందరూ. ఆమె కూడా అలాగే అనుకుంది.

కోత అయిపోయింది. అందరి పండూ ఒకే షెడ్డులో తొక్క తీసి, ఒకే తొట్టిలో నానేసి, ఒకే కళ్లంలో ఎండబోశారు. గింజలు తిరగేస్తూ తిరగేస్తూ తోడికోడలు పార పక్కన పెట్టి, ఆమె దగ్గరకొచ్చి కూర్చుంది.

“అక్కా, ఈ మాట ఇంక కడుపులో దాచుకోలేను. మీ మరిది మందు కొట్టాడు. రెండుసార్లు. మంచు కమ్మినప్పుడు వెళ్లి కొట్టొచ్చాడు. ఆ బట్టలు ఉతికింది నేనే.”

లీడరమ్మ తల తిప్పి కళ్లంవైపు చూసింది. ఎదురుగా నలభై ఇళ్ల గింజ ఒకే రాశిగా ఎండుతోంది. అందులో మరిది గింజ ఏదో ఏరడం దేవుడి తరం కూడా కాదు.

మరిదిని నిలదీస్తే అతను దాచలేదు. పిల్లాపాపలున్నవాణ్ని, చెట్లు చచ్చిపోతుంటే చేతులు కట్టుకుని చూడమంటావా అన్నాడు. నీ తోటకి కూడా కొడదామనుకున్నాను వదినా, నువ్వు పసిగడతావని ఆగాను అన్నాడు. ఆ మాటకి ఆమెకి కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. ముద్ర నిలవాలంటే ఏటా జరగాల్సిన తనిఖీకి ఇంకా ఆరు రోజులుంది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి పట్నం వెళ్లింది. వాళ్ల గింజ మొత్తం కొనేది అక్కడి మాస్టారు. ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఆ ఉద్యోగం వదిలి కాఫీ గింజలు వేయించే వ్యాపారం పెట్టాడు. దళారుల్ని నమ్ముకోకుండా కొండెక్కి వచ్చి, పండించేవాళ్ల ఇళ్లలో కూర్చుని మాట్లాడి కొనేవాడు. మందు మానమని ఆమెకి మొదట నూరిపోసింది ఆయనే. దారి చూపించినవాడు ఆయనే కాబట్టి, ఇప్పుడు ఏం చెయ్యాలో కూడా ఆయనే చెబుతాడన్న ధైర్యంతో వెళ్లింది.

పొడుగాటి రేకుల గది. ఒక పక్క గోనె బస్తాలు, మధ్యలో తిరుగుతున్న ఇనుప పీపా, కింద మంట. ఇంకో పక్క బల్ల చుట్టూ ఆరుగురు ఆడవాళ్లు పొట్లాలు కడుతున్నారు. ప్రతి పొట్లం మీదా లీడరమ్మ బొమ్మ. తన మొహం అంతమంది చేతుల్లో చూసుకుని ఆమె సిగ్గుతో చితికిపోయింది. వాళ్లలో ఒకావిడ గుర్తుపట్టి, బొమ్మలో కంటే బయటే బావున్నారమ్మా, బొమ్మలో ముక్కు మీకంటే ముందొచ్చి నిలబడింది అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి, మాస్టారి కోసం చుట్టూ చూసింది.

మాస్టారు పీపా పక్కన నిలబడి వింటున్నాడు. గింజ చిటపటమనగానే మంట తగ్గించాలట. ఆమె ఆయన్ని పక్కకి పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన పీపాకి వీపు తిప్పి ఒక బస్తా మీద కూర్చున్నాడు. తర్వాత హోటళ్లవాళ్ల సంగతి చెప్పాడు. ఆయన సరుకులో ముప్పాతిక వంతు వాళ్లకే పోతుంది. ముద్ర ఉంటేనే తీసుకుంటారు. ముద్ర పోయిన రోజు ఈ మంట ఆర్పెయ్యడమే. బల్ల దగ్గరున్న ఆరుగురిలో ఇద్దరికి ఇంకెక్కడా పని దొరకదు.

“తనిఖీకి వచ్చేవాళ్లు అన్ని తోటల ఆకులూ కొయ్యరమ్మా,” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. “నాలుగు తోటలు చూసి పోతారు. మీరు నాకేం చెప్పలేదు. నేనేం వినలేదు.”

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు. అప్పటికే పీపాలోంచి నల్లటి పొగ లేస్తోంది. బల్ల దగ్గరి ఆడవాళ్లు దగ్గుతూ కిటికీలు తెరుస్తున్నారు. చిటపట ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో ఆయనకి తెలియనే లేదు. ఆయన పరుగెత్తి మంట ఆర్పి, బొగ్గయిపోయిన గింజ ముందు చతికిలబడ్డాడు. ఆమె వెళ్లొస్తానని కూడా చెప్పకుండా బయటికొచ్చేసింది.

బస్సులో దారి పొడుగునా ఆమె మనసు ముక్కలు చెక్కలైంది. చెబితే నలభై ఇళ్లూ మునుగుతాయి, ఇంట్లోవాణ్ని వీధిలో నిలబెట్టినట్టవుతుంది. చెప్పకపోతే, దొంగతనంగా కొట్టినవాడి చెట్టు బతికింది, తన మాట నమ్మిన అవ్వ చెట్టు చచ్చింది. ఇక రేపట్నించి ఏ గడప ఎక్కి ఎవరికి ఏం చెబుతుంది?

తనిఖీ ముందురోజు ఆమె పైగట్టు ఎక్కింది. అవ్వ ఎండుకొమ్మలు విరిచి మోపు కడుతోంది. ఆమె అక్కడే నేలమీద కూలబడి అంతా చెప్పింది. అవ్వ మోపు కట్టడం ఆపలేదు.

“నువ్వు నిజం చెబితే నా చెట్లకి ఆకులొస్తాయా?”

“రావు.”

“దాస్తే?”

“అప్పుడూ రావు.”

“మరి నన్నెందుకు అడుగుతావే పిల్లా. నా ఉసురు తగలకుండా నేను సరేనంటే వెళ్లి హాయిగా పడుకుందామనా? నేననను. నీ నోరు నీది.”

ఆమె ఏడ్చింది. అవ్వ ఓదార్చలేదు. మోపు ఒక కొస ఆమె వైపు తోసి, పట్టు, నెత్తికెత్తు అంది.

తనిఖీకి వచ్చింది ఒక అమ్మాయి. బురద బూట్లతో అయిదు తోటలు తిరిగి ఆకులు కోసి సంచుల్లో వేసుకుంది. అందులో మరిది తోట లేదు. షెడ్డు గట్టు మీద కాగితాలు పరిచి, ఎవరైనా ఏదైనా మందు వాడారా అని చివరి ప్రశ్న అడిగి, సంతకం పెట్టమని కలం అందించింది. సంఘమంతా చుట్టూ నిలబడి ఉంది. మరిది గోడకి చేరగిలబడి నేల చూస్తున్నాడు. తోడికోడలు కొంగు నోట్లో కుక్కుకుంది.

లీడరమ్మ కలం పట్టుకుని కాగితం మీదికి వంగింది. కలం తిరిగి ఇచ్చేసి, “మా తోటల్లో మందు పడిందమ్మా. గింజ కలిసిపోయింది,” అంది. ఎవరు కొట్టారని ఆ అమ్మాయి అడిగితే, మా ఇంట్లోవాళ్లే అంది. పేరు మాత్రం చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండా అందరి కళ్లూ గోడవైపు తిరిగాయి.

మూడేళ్లపాటు ముద్ర రద్దయింది. గింజంతా ఊరి దళారి లారీలో, ఎక్కడెక్కడి గింజలతోనో కలిసి వెళ్లిపోయింది. కొందరు ఆమె గుమ్మం ముందుకొచ్చి శాపనార్థాలు పెట్టారు. నాలుగేళ్లు మమ్మల్ని ఆడించి ఇప్పుడు నట్టేట ముంచావన్నారు. పది ఇళ్లవాళ్లు మళ్లీ మందు మొదలుపెట్టారు. మరిది ఆమె తోటలోంచి పోయే దారి మానేసి, చుట్టూ తిరిగి తన తోటకి వెళ్లడం మొదలుపెట్టాడు.

మాస్టారు నెల తిరిగాక వచ్చాడు. మనిషి సగమయ్యాడు. హోటళ్లవాళ్లు పోయారు, ఆరుగురిలో నలుగుర్ని పంపేశానన్నాడు. ఆమెని ఒక్క మాట అనలేదు. “దాచమన్నాను మిమ్మల్ని. ఆ మాట నా నోటే వచ్చింది,” అని లేచి చెప్పులు వేసుకున్నాడు. వచ్చే ఏడు ఏమైనా కొంటారా అని ఆమె అడగలేదు. కొంటానని ఆయనా అనలేదు.

తెగులు పట్టిన చెట్లని మోకాలెత్తున కోసేస్తే మొదలు నుంచి కొత్త చిగురొస్తుంది. మళ్లీ కాయ కాయడానికి రెండు మూడేళ్లు. ఎండలు ముదరకముందే ఆమె రంపం తీసుకుని తన తోటలో దిగింది. ఒక్కత్తే కోస్తోంది. మూడోనాడు తోడికోడలు ఇంకో రంపం భుజాన వేసుకుని వచ్చి నిలబడింది.

“మీ మరిది రాడక్కా. పిలవొద్దు కూడా.”

“నువ్వెందుకొచ్చావు మరి? ఇంట్లో గొడవవదూ?”

“అవుతుంది,” అని, ఆమె పక్క వరసలో వంగి మొదటి చెట్టుకి రంపం పెట్టింది.

ఇంకా నాలుగొందల చెట్లున్నాయి.