మిగిలిన ఒక్క తప్పు

తమ్ముడు పోయి నలభై రోజులైంది. అన్నకు ఏమీ అనిపించడం లేదు. రోజూ తొమ్మిదింటికల్లా కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లేవాడు. వచ్చినవాళ్లను పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, రెండో కంటితో గోడమీది అక్షరాలు చదివించేవాడు. ఇంటికొచ్చి పెట్టింది తినేవాడు. ఒకరోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడితే దాన్నీ తినేసి చెయ్యి కడుక్కున్నాడని భార్య కంగారుపడింది. చూసినవాళ్లు గుండె రాయి చేసుకున్నాడన్నారు. అంత కష్టపడి అతను చేసుకున్నదేమీ లేదు, దానంతటదే అయింది.

తమ్ముడు అదే దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేవాడు. వీధంతా అతన్ని ముప్పావు అని పిలిచేది. ఏ పనైనా మూడు పాళ్లు చేసి నాలుగో పాలు గాలికొదిలేస్తాడని చిన్నప్పుడు అన్నే పెట్టిన పేరది. పెట్టడం అన్న వంతు, మోయడం తమ్ముడి వంతు. వంటింటి గోడకు చెయ్యి అందినంత మేర రంగు వేసి, నిచ్చెన తెస్తానని వెళ్లినవాడు రెండేళ్లయినా తేలేదు. ఈత నేర్చుకున్నాడు గానీ ఒడ్డు వదిలితే రాదు. కళ్లజోళ్ల పనిలో మాత్రం ఒక్క మర కూడా వదులుగా ఉంచి ఎరగడు. మనిషిలో మంచి ఉన్నచోట వీధివాళ్ల చూపు అంతగా ఆనదు.

చివరి ఏడాది అతనికి కంప్యూటరు పిచ్చి పట్టింది. దుకాణంలో అక్షరాల అట్ట పసుపెక్కిపోయింది. దానికి బదులు తెరమీద ఒక విండో తెరుచుకోవాలి, బాణం మీట నొక్కేకొద్దీ అక్షరాలు వరుసవరుసకూ చిన్నవి కావాలి, ఆ ప్రోగ్రాం తానే రాస్తానన్నాడు. అన్న నవ్వాడు. అన్న నవ్వాక మిగతావాళ్లకు అడ్డేముంది, అందరూ నవ్వారు. ఒక బుధవారం మధ్యాహ్నం అతని స్కూటరును లారీ కొట్టింది. ల్యాప్‌టాప్ కూడా అతనితోపాటే ముక్కలైంది.

సోమవారం నాడు మరదలు దుకాణానికి వచ్చి ఇంట్లో ఉండిపోయిన తమ్ముడి పెన్‌డ్రైవూ, నోటుబుక్కూ బల్లమీద పెట్టింది. వేరే ఊళ్లో ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చిందని, శనివారం సాయంత్రం రైలని చెప్పింది. చెప్పాక కూడా కదల్లేదు.

"ఆయన చేసింది ఏదీ పూర్తవగా నేను చూళ్లేదు బావగారూ. అందరూ నవ్వితే నేనూ నవ్వాను. ఇదొక్కటి తెరుచుకుంటే చూసి వెళతాను" అంది.

అన్న సరేనన్నాడు. ఏమీ అనిపించకపోయినా సరే అనడం కష్టం కాదు.

పెన్‌డ్రైవులోంచి 'పనిలో ఉన్నవి' అనే ఫోల్డరును దుకాణం కంప్యూటరులోకి దించుకున్నాడు. నోటుబుక్కు మొదటి పేజీలో తమ్ముడి గుండ్రటి రాత ఉంది. కంపైలరు అంటే మనం రాసింది చదివి తప్పులు పట్టేది. లింకరు అంటే ఎక్కడెక్కడి ముక్కలో తెచ్చి బిగించేది, నాలాగా. దాని కింద ఏ మీట నొక్కాలో కూడా రాసి ఉంది. నొక్కితే నలభై మూడు తప్పులు వచ్చాయి.

అన్న కింది నుంచి మొదలుపెట్టాడు. అది అతని వృత్తి నేర్పిన అలవాటు. చెయ్యి తిరిగినవాడెవడూ పరీక్షలో పెద్ద అక్షరం నుంచి రాడు, కింది వరుసలు చూపించి ఎక్కడిదాకా ఆనుతోందని అడుగుతాడు. సగం సమయం మిగులుతుంది. ఇక్కడ అది పనికిరాలేదు. అట్టడుగు తప్పు ఒకటి దిద్దితే పైన రెండు కొత్తవి పుట్టాయి. మంగళవారం సాయంత్రానికి తప్పులు యాభై ఎనిమిదయ్యాయి. మూలిగే నక్కమీద తాటిపండు పడ్డట్టు, బాగున్న వరుసల్ని కూడా తనే పాడుచేశాడు. వేరేవాడైతే కంప్యూటరును తిట్టేవాడు. అన్నకు తిట్టబుద్ధి కూడా కాలేదు.

బుధవారం నోటుబుక్కు తిరగేస్తుంటే ఇంకో మాట దొరికింది. ముందు మొదటి తప్పు పట్టాలి, మిగతావన్నీ దాని పిల్లలు. పాడుచేసిన ఫైళ్లు తీసేసి మళ్లీ దించుకొని ఈసారి పైనుంచి చూశాడు. ఒకచోట వాక్యం చివర సెమికోలను లేదు. అది పెట్టగానే నలభై మూడు తప్పులు ఆరుకు దిగాయి. ఆ ఆరూ గురువారం మధ్యాహ్నానికి పోయాయి.

కంపైలరు ఊరుకుంది గానీ లింకరు అందుకుంది. తెరమీద బొమ్మలు గీయడానికి ఎవరో ముందే రాసిపెట్టిన లైబ్రరీ ఒకటుంటుంది, దాని పేరు తనకు ఎవరూ చెప్పలేదంది. చెప్పాడు. తలప్రాణం తోకకొచ్చాక శుక్రవారం ఒకే ఒక్క తప్పు మిగిలింది. 'అక్షరం_గీయి' అనే పని చేయమని ప్రోగ్రాం అడుగుతోంది, కానీ ఆ పని ఎలా చేయాలో ఏ ఫైల్లోనూ లేదు. అటువంటిది ఒకటి ఉందని పైన చెప్పి ఉంది. కింద పిలిచి ఉంది. అసలుది మాత్రం లేదు. కంపైలరు మాట నమ్ముతుంది, లింకరు వెతికి చూస్తుంది. అన్న కూడా ప్రతి ఫైలూ వెతికాడు.

ముప్పావే కదా అనుకున్నాడు. బాధపడాల్సిన చోట అతనికి తన మాటే నెగ్గినట్టు అనిపించింది. నలభై రోజుల్లో మొదటిసారి అనిపించింది అదే, దానికి సిగ్గేసింది.

ఆ పని పేరు రాసి, కింద రెండు బ్రాకెట్లు పెట్టి, మధ్యలో ఏమీ రాయకుండా నొక్కిచూశాడు. తప్పులు సున్నా. విండో తెరుచుకుంది, తెల్లగా, ఖాళీగా. మరదలికి ఇది చూపించి ఇంతవరకే చేశాడమ్మా అంటే సరిపోతుంది. అబద్ధం కూడా కాదు.

శనివారం పొద్దున ఒకాయన నెలన్నర కిందటే తయారైన కళ్లజోడు కోసం ఇప్పటికి వచ్చాడు. అన్న వెనకగదికి వెళ్లాడు. తమ్ముడి పద్ధతి ఒకటుంది. పైసొరుగులో ఉన్నదాన్ని ఎంత తొందరపెట్టినా ఇచ్చేవాడు కాదు. మరలు బిగించి, తుడిచి, ఒకసారి తన ముక్కుమీద పెట్టుకు చూశాకే కిందిసొరుగులోకి మార్చేవాడు. సొరుగుల మీద చీటీలు కూడా అంటించాడు. పైదానిమీద 'పనిలో ఉన్నవి'. కిందిదానిమీద 'అయినవి'.

అన్న కళ్లజోడు తీసిచ్చి, ఆయన్ని పంపేసి, కంప్యూటరు ముందుకొచ్చాడు. పెన్‌డ్రైవులో రెండు ఫోల్డర్లున్నాయి. రెండోదాని పేరు 'అయినవి'. దాన్ని సోమవారమే చూశాడు. వీడి దగ్గర అయినవంటూ ఏముంటాయిలే అనుకొని తెరవలేదు.

తెరిచాడు. ప్రోగ్రాం మొత్తం అందులో ఉంది. సెమికోలను ఉంది. లైబ్రరీ పేరుంది. తాను వారమంతా పడ్డ పాట్లన్నీ తమ్ముడు అక్కడ ముందే పడి ఉన్నాడు. 'అక్షరం_గీయి' కూడా ఉంది, నలభై వరుసల పొడవున. అన్నిటిమీదా ఒకటే తేదీ. ఆ బుధవారం, ఉదయం పదకొండున్నర.

ఆ బుధవారం గురించి అన్నకు ఇంకొకటి తెలుసు. ఈ నలభై రోజులూ దాని పక్కనుంచి తప్పుకొని నడిచాడు.

మూడింటికి మరదలు సంచితో వచ్చింది. పరీక్ష కుర్చీలో కూర్చుంది. అన్న నొక్కాడు. విండో తెరుచుకుంది, మధ్యలో ఒక్క నల్లటి పెద్ద అక్షరం. బాణం మీట ఆమెనే నొక్కమన్నాడు. నొక్కింది. రెండు అక్షరాలు, తర్వాత మూడు, తర్వాత చిన్నవి అయిదు. ఆమె ఎవరూ అడక్కుండానే ఒక్కొక్కటీ పైకి చదివింది. చివరి వరుస చదివాక మీట మీంచి వేలు తీసింది.

"పూర్తయిందా బావగారూ?"

"పూర్తి చేశాడమ్మా. నేను చేసిందేమీ లేదు."

అక్కడితో ఆపేయవచ్చు. ఆమె రైలెక్కి వెళ్లిపోతుంది, ఇక ఎవరూ అడగరు.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అంది ఆమె, అతన్ని కాదు, తెరను చూస్తూ.

"ముందు నాకు చెప్పాలని వచ్చాడు" అన్నాడు అన్న. "ఆరోజు రెండున్నరకి, చంకలో ల్యాప్‌టాప్ పెట్టుకొని ఆ గుమ్మంలో నిలబడ్డాడు. కుర్చీలో మనిషున్నాడు. నేను తలెత్తలేదు. పూర్తయ్యాకే తీసుకురారా, నా టైము తినకు అన్నాను."

"ఆయనేమన్నారు?"

"సరే అన్నయ్యా అన్నాడు. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు."

ఆరోజు మూడింటికి లారీ కొట్టిన సంగతి ఇద్దరికీ తెలిసిందే.

"ఈ నలభై రోజుల్లో ఎప్పుడో ఒకప్పుడు చెప్పాల్సింది" అంది మరదలు.

అన్న తలూపాడు. ఊపుతూనే ఉన్నాడు. అప్పుడొచ్చింది అతనికి ఏడుపు, పట్టపగలు, దుకాణం మధ్యలో, చిన్నపిల్లాడికి వచ్చినట్టు శబ్దంతో సహా. ఎవరో తలుపు తోసుకొని లోపలికి రాబోయారు. మరదలు లేచి, ఇవాళ పరీక్షలు లేవని చెప్పి వాళ్లను పంపేసింది. తిరిగొచ్చి అతని పక్కనే కూర్చుంది. ఏడవొద్దని మాత్రం అనలేదు.