ఏడాది ముందు కొలత

బళ్లు తెరిచే ముందు ఆ కుట్టుకొట్టు దగ్గర తల్లులు పిల్లల్ని పట్టుకుని బారులు తీరేవాళ్లు. కుట్టుపనావిడ టేపు ఈ రోజు కొలత చూపించదు, సరిగ్గా ఏడాది తర్వాతి కొలత చూపిస్తుంది. అందుకే ఆవిడ యూనిఫారాలకు లోపల మడత వదిలేది కాదు. "మావాడు ఇంకా లావవుతాడా!" అని బెంబేలెత్తే తల్లులే తప్ప, ఇదేం వింత అని అడిగినవాళ్లు లేరు.

ఆవిడకు పెళ్లయి తొమ్మిదేళ్లు, పిల్లల్లేరు. ఏటా ఒకసారి తలుపేసుకుని టేపు తన నడుముకే చుట్టుకునేది. ఎప్పుడూ ఇరవై తొమ్మిదే. పోయిన ఏడాది మాత్రం ముప్పై ఎనిమిది వచ్చింది.

"అత్తయ్యా!" అని కేకేసింది. అత్తగారు కళ్లజోడు సవరించుకుని అంకె చూసి, కోడల్ని వాటేసుకుని ఏడ్చేసింది. ఆ వారమే కోడలు తెల్లబట్టతో చిన్న గౌను కుట్టి బీరువాలో దాచింది.

తర్వాత నెల నుంచి ముట్టు పది రోజులు దాటడం మొదలైంది. గడ్డలు గడ్డలుగా పడేది. మిషను దగ్గర నల్లగుడ్డ పరుచుకుని కూర్చునేది. నడుము లాగేది, గంటకోసారి బాత్రూముకు పరుగు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

"ఒకసారి చూపించుకుందామే" అని మొగుడు పోరుపెట్టాడు.

"టేపు ఎప్పుడైనా అబద్ధం చెప్పిందా? వచ్చే ఏటికి నా కడుపు పండుతుంది. ఈలోగా ఏవో మందులు మింగించి చెడగొట్టకండి" అని నోరు మూయించింది. చూస్తుండగానే పొట్ట పెరిగింది కూడా.

మొన్న కత్తెర చేతిలో ఉండగానే కళ్లు తిరిగి పడిపోయింది. మెళ్లో టేపుతోనే ఆసుపత్రికి తీసుకెళ్లారు.

"గర్భసంచిలో గడ్డలమ్మా, ఫైబ్రాయిడ్లు. ఆరున్నాయి" అంది డాక్టరమ్మ స్కాన్ చూసి. "క్యాన్సర్‌లా లేదు. కానీ ఒంట్లో రక్తం ఐదుకు పడిపోయింది."

"టేపు ముప్పై ఎనిమిది చూపించింది డాక్టరు గారూ."

డాక్టరమ్మ నవ్వలేదు. తన తెల్లకోటు కూడా ఆ టేపుతో కొలిచి కుట్టిందే. "టేపు చుట్టుకొలత చెప్తుంది తల్లీ, లోపలేముందో చెప్పదు. మొదట్లోనే వచ్చుంటే గడ్డలు మటుకే తీసేదాన్ని. ఇప్పుడు సంచి మొత్తం తీసెయ్యాలి."

మొగుడు ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టే చోటు చూపించాడు. ఆవిడ పెట్టింది.

మంచం మీద కూర్చుని, ఉబ్బిన పొట్ట చుట్టూ టేపు చుట్టుకుంది. అత్తగారు ఆశ చావక దగ్గరికి జరిగింది.

"ఎంతొచ్చిందే?"

"ఇరవై తొమ్మిది. నా ఒక్కదానిదే అత్తయ్యా."