పాతబజారు స్టేజీలో తువ్వాలు

బస్సెక్కకుండానే బస్సులో సీటు సంపాదించే మొనగాడు మా నందిగామలో సుబ్బరాయుడొక్కడే. బెజవాడ నుంచి జగ్గయ్యపేట వెళ్ళే పొద్దుటి బస్సు పాతబజారు సందులోకి తిరిగేసరికి ఒళ్ళు ముడుచుకుని నత్తలా నడిచేది. ఆయన పక్కనే పరిగెత్తి, పొడుగాటి చెయ్యి చాచి, కిటికీలోంచి తువ్వాలు విసిరేవాడు. తువ్వాలు పడ్డ సీటు జోలికి మావైపు ఎవరూ రారు. మంత్రిగారి సీటుకైనా అయిదేళ్ళకోసారి గండముంది గాని, ఆ సీటుకు లేదు.

సీటు తనకు కాదు. జగ్గయ్యపేటలో బడిపంతులమ్మగా చేసే లూర్దమ్మకు. భార్య పోయి, పిల్లల్లేక, ఊళ్ళో ఊరికే ఉండే మనిషి ఆయన. ఆవిడ కూర్చుని తువ్వాలు తిరిగిస్తూ, "ఇవాళ ఏం కూరండీ, బాబాయి గారూ?" అనేది.

"వంకాయేనమ్మా. వంక పెట్టేవాళ్ళే లేరు."

రోజు మొత్తమ్మీద ఆయనను ఎవరైనా పలకరించేది ఆ ఒక్కసారే.

డెబ్బై తొమ్మిదో సంవత్సరం వానల్లో సందులో కల్వర్టు కూలింది. బస్సును హైవే మీదికి మళ్ళించారు. మళ్ళింది మళ్ళీ రాలేదు. చుట్టుదారి కదా అని ఒక స్టేజీ కలిపి చార్జీ పెంచారు. చార్జీ పెరిగిందని ఊరు ఏడ్చింది. తన చార్జి ఊడిందని సుబ్బరాయుడు ఏడ్చాడు.

అయినా అలవాటు కొద్దీ వచ్చి ఖాళీ సందులో నిలబడేవాడు. చూసి చూసి కిళ్ళీకొట్టు ఏసురత్నం, "ఇటు రాదండీ బస్సు. మార్కెట్ యార్డు ముందు కొత్త స్టేజీ పెట్టారు" అన్నాడు.

"అయితే లూర్దమ్మ పేట దాకా నించునే పోతోందేమో!"

మర్నాడు తువ్వాలు ఉతికి మరీ బయల్దేరాడు. హైవే బస్సు సందులో బస్సు కాదు, సందివ్వదు. అది ఆగీ ఆగకముందే వయసు మరిచి పరిగెత్తి, దొరికిన కిటికీలోంచి విసిరాడు. తువ్వాలు ఒకావిడ ఒళ్ళో పడింది.

"అయ్యో, బాబాయి గారా!" లూర్దమ్మే.

"అప్పుడే ఎక్కేశావా అమ్మా?"

"ఇక్కడికి రాకముందు మా ఇంటి ముందు కూడా ఆగుతోందండీ ఇప్పుడు. బెజవాడ జనం సగం అక్కడే దిగిపోతున్నారు. సీటుకేం ఢోకా లేదు."

సంతోషంగా చెప్పింది. తువ్వాలు మడిచి అందిస్తూ ఆయన మొహం చూసింది. పక్కసీటు మీది సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"రండి, మీరూ ఎక్కండి. పేట చూసొద్దురు గాని."

"పేటలో నాకెవరున్నారమ్మా?"

నందిగామలో మాత్రం ఎవరున్నారని ఆవిడ అడగలేదు.

"ఎక్కేదుంటే ఎక్కండి పెద్దాయనా, టైమైపోతోంది!" కండక్టరు స్తెఫను తొందరపెట్టాడు.

సుబ్బరాయుడు తల అడ్డంగా ఊపాడు. బస్సు కదిలింది. లూర్దమ్మ సంచిని మళ్ళీ పక్కసీటు మీద పెట్టలేదు. పేటకు ముందొచ్చే చిల్లకల్లు దాకా ఒళ్ళోనే ఉంచుకుంది.