మూడో పొడిగింపు

కంటి పరీక్షలో తప్పాలని మొక్కుకున్న డ్రైవరును లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. నాకు డెబ్బై ఒకటి. "ఈ ఒక్క ఏడాదికి సర్దుకోండి" అని మా డిపో మేనేజరు ఇప్పటికే రెండుసార్లు నా ఉద్యోగం పొడిగించాడు. కొత్తగా చేరేవాళ్లు లేరు. ఉన్నవాళ్లలో నేనే కుర్రాణ్ణని పక్క బస్సు డ్రైవరు ఎగతాళి చేస్తాడు.

నా బస్సు ఒకప్పుడు బడిపిల్లలతో కిక్కిరిసి ఉండేది. బడి మూతపడింది. ఆ భవనంలో కీళ్లనొప్పుల ఆసుపత్రి పెట్టారు. ఇప్పుడు ఎక్కేవాళ్లందరికీ చేతికర్రలే. ఒక్కొక్కరూ మెట్టెక్కి, కడ్డీ పట్టుకుని, కూలబడేదాకా ఆగాలి. ఆగి ఆగి నా నడుము పట్టేసింది.

పరీక్షనాడు కళ్ల డాక్టరు గోడమీది అక్షరాలు చదవమన్నాడు. కింది రెండు వరసలూ నిజంగానే అలుక్కుపోయాయి. ఆ మాటే చెప్పాను. ఆయన తన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు నాకంటే నాలుగేళ్లు ఎక్కువే.

"పగటిపూటే కదండీ తోలేది?"

"పగలైనా కనబడాలి కదండీ!"

"నన్ను మాత్రం దిగిపోనిస్తున్నారా? కొత్త అద్దాలు రాస్తాను" అంటూ సంతకం గీకేశాడు. గుడ్డికంటే మెల్ల నయమని అందరూ అనుకుంటుంటే నేనేం చేయను?

డాక్టరు సంతకం పెట్టాడని విని మా అక్క ముఖం విప్పారింది. ఎనభై దాటిన మనిషి. డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు నా బస్సే ఎక్కుతుంది, నా వెనక సీట్లోనే కూర్చుంటుంది.

"నువ్వు మానేస్తే ఈ బస్సే ఉండదురా. నేనెలా పోవాలి?"

నాకు ఒళ్లు మండింది. వెంటనే సిగ్గేసింది. అక్క బతకాలి, నేను పడుకోవాలి. రెండూ ఒకే బస్సులో కుదరడంలేదు.

కొత్త అద్దాలు వచ్చిన మర్నాడు పొద్దున వాటిని పెట్టుకుని బస్సు తీశాను. ఆసుపత్రి ముందరి మలుపులో అలవాటుగా అటూ ఇటూ చూశాను. చేతికర్రలు లేవు, నెమ్మదిగా కదిలే నెరిసిన తలలు లేవు. తిప్పాను.

"పిల్లరా! పిల్ల!" అని అక్క కేక పెట్టింది.

బ్రేకుమీద నిలబడ్డాను. బస్సు ముందు జానెడు దూరంలో పసుపు టోపీ పెట్టుకున్న అయిదేళ్ల పిల్ల. తల్లి పరుగున వచ్చి రెక్క పట్టి లాక్కుపోయింది.

బస్సు పక్కకు తీసి ఇంజను ఆపాను. అద్దాలు బాగానే ఉన్నాయి. అంత కిందికి చూడటమే నేను మానేశాను. ఈ దారిలో పిల్లలు కూడా ఉంటారని మర్చిపోయాను. తాళంచెవి లాగి అక్క ఒళ్లో పెట్టాను.

"ఇక నావల్ల కాదక్కా. నేను తోలను. డిపోకి ఫోన్ చేసి చెప్పేస్తున్నా."

వెనక ఎవరూ దిగలేదు. అక్క తాళంచెవిని గుప్పిట్లో పెట్టుకుని, రెండో చేత్తో నా నుదుటిమీద చెమట తుడిచింది.

"అలిసిపోయావురా పాపం. నన్ను డయాలసిస్‌కి పదకొండింటికి కదా రమ్మన్నారు, ఇంకా టైముంది. ఓ పది నిమిషాలు కళ్లు మూసుకో, నేను లేపుతాను."